కాశీలో స్వయంపాకం: అద్దె ఇంట్లో మన పొయ్యి

మన ఇళ్లలో ‘స్వయంపాకం’ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. తన వంట తాను వండుకోవడం ఒకటి. అలా వండుకునేవారికి ఇచ్చే బియ్యం, పప్పు, కూరగాయలు, ఉప్పు, చింతపండు రెండోది. పెద్దల తిథికి అయ్యవారింటికి తట్టలో పెట్టి పంపేది ఈ రెండో స్వయంపాకమే. తెలుగు సీమ వదిలి ఎన్నో తరాలైనా ఈ మాట మాత్రం మన ఇళ్లలో నిలిచే ఉంది.

ఈ కార్తీకంలో మా కుటుంబం కాశీకి పోవాలని అనుకున్నాము. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలి, పెద్దలకు పిండం పెట్టాలి. పదకొండు మందిమి. కోవిల్‌పట్టి దగ్గరి నల్లరేగడి ఊళ్లో ఉండేవాళ్లం కొందరం, మధురై, బెంగళూరు చేరినవాళ్లం కొందరం. ఎక్కడ దిగాలి అనే దగ్గర మాట రెండుగా చీలింది. తెలుగువాళ్ల ఆశ్రమంలో దిగితే వేళకు భోజనం, పురోహితుడు, భాష అన్నీ దొరుకుతాయని మగవాళ్లు అన్నారు. మా మేనత్తకు ఎనభైమూడేళ్లు. ఆమె మాత్రం వంటగది ఉన్న ఇల్లే అద్దెకు తీసుకోవాలని పట్టుబట్టింది. "పొయ్యి మనదైతే చాలు, గోడలు ఎవురివైతే ఏమి?" అన్నది. పిల్లలు ఫోనులో చూపించిన ఫ్లాట్లు చూసి, ఇది కొత్తకాలపు పద్ధతి కదా, పెద్దామెకు ఇంత ఇష్టమేమిటని కొందరు ఆశ్చర్యపోయినారు.

ఫోనులో బుక్ చేసుకోవడం కొత్తే. పరాయి ఊళ్లో నాలుగు గోడలు అద్దెకు పట్టి సొంత పొయ్యి వెలిగించుకోవడం మాత్రం యాత్ర అంత పాతది. మేనత్త పట్టుదల వెనక కూడా ఒక చరిత్ర ఉంది. అది మా ఒక్క ఇంటిది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

వ్యాసుడికే అన్నం దొరకని ఊరు

కాశీ గురించి తెలుగులో చెప్పిన కథల్లో అన్నిటికన్నా గట్టిది ఆకలి కథ. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండంలో అది ఉంది. వ్యాసుడు శిష్యులతో కాశీలో ఇల్లిల్లూ తిరుగుతాడు. విశ్వేశ్వరుడి పరీక్ష వల్ల ఎక్కడా భిక్ష పుట్టదు. ఆకలితో ఆయనకు ఒళ్లు తెలియని కోపం వస్తుంది. మూడు తరాల దాకా ఈ ఊరివాళ్లకు విద్య, ధనం, మోక్షం లేకుండా పోవాలని శపించబోతాడు. అప్పుడు ఒక ఇంటి తలుపు తెరుచుకుని పెద్ద ముత్తైదువ బయటికి వచ్చి భోజనానికి పిలుస్తుంది. ఆమె జగన్మాత. కడుపునిండా పెట్టిన తరువాతే ఆయన తప్పు ఆయనకు తెలుస్తుంది. శివుడు ఆయనను ఊరు విడిచి పొమ్మంటాడు.

అక్కడి నుంచి వ్యాసుడు వచ్చి చేరింది మన దాక్షారామానికి. ఈ సంగతి శ్రీనాథుడి భీమేశ్వర పురాణంలో ఉంది. యానాంలో స్థిరపడిన మనవాళ్లకు దాక్షారామం దగ్గరే కాబట్టి వాళ్లకు ఈ కథ చెప్పనక్కరలేదు. కాశీ నుంచి వెళ్లగొట్టినవాడికి గోదావరి ఒడ్డున చోటు దొరికింది అని వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

ఈ కథను భక్తి కోసం వినేవాళ్లు వింటారు. యాత్రికుడి కళ్లతో చూస్తే ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. పరాయి ఊళ్లో అన్నం వేరేవాళ్ల చేతిలో ఉంటే వ్యాసుడంతటివాడు కూడా నిలకడగా ఉండలేకపోయినాడు. అందుకే కాబోలు, ఆ ఊళ్లో విశ్వనాథుడి పక్కనే గరిటె పట్టుకున్న అన్నపూర్ణ కూడా ఉంది.

వీరాస్వామయ్య మజిలీలు

మనలాగా తెలుగు సీమ బయట స్థిరపడిన ఇంటివాడే ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినాడు. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినాడు. వెంట సుమారు వందమంది పరివారం. కడప, హైదరాబాదు, నాగపురం, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీ. తరువాత గయ, కలకత్తా, పూరీ, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా ఇంటికి. బరంపురంలోనూ గంజాంలోనూ ఉన్న మన తెలుగు కుటుంబాల ఊళ్లు ఆయన తిరుగుదారిలోనే ఉన్నాయి.

దారిలో చూసిన సంగతులు ఆయన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపినాడు. ఆయన పోయిన తరువాత, 1838లో, శ్రీనివాసపిళ్ల వాటిని కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించినాడు. వందేళ్ల తరువాత దిగవల్లి వేంకటశివరావు పరిష్కరించి 1941లో మళ్లీ తెచ్చినారు. ఈ పుస్తకాన్ని చాలామంది దేశచరిత్ర కోసం చదువుతారు. మేము ఈసారి వంటింటి కోసం చదివినాము.

వీరాస్వామయ్య ఏ మజిలీలో దిగినా ఇంచుమించు అవే సంగతులు చూస్తాడు. దారి ఎట్లా ఉంది, నీళ్లు మంచివా, దిగడానికి చోటు ఉందా, అంగళ్లు ఉన్నాయా, కావలసిన సామాను దొరుకుతుందా. గుడి, దొర, రాజు గురించి కూడా రాస్తాడు. అయినా ఈ లెక్క వదలడు. వందమందికి పూటపూటకూ వండి పెట్టాలంటే వదిలితే జరగదు కదా. ఇవాళ మనం ఫ్లాటు యజమానికి ఫోను చేసి అడిగే ప్రశ్నలు కూడా ఇవే. నీళ్లు ఎప్పుడు వస్తాయి, గ్యాసు ఉందా, కూరగాయల అంగడి ఎంత దూరం?

‘మజిలీ’ అనే మాటే మన కథల్లోకి ఎట్లా వచ్చిందో గుర్తు చేసుకోండి. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడనే యతి వెంట ఒక గొల్లపిల్లవాడు కాశీకి నడుస్తాడు. ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ. దిగడం, వండుకోవడం, తినడం అయిన తరువాతే కథ. మన పెద్దలకు యాత్ర అంటే ఇదే క్రమం. కడుపు చల్లబడనిదే కథ రాదు.

వీరాస్వామయ్య కాలంలో యాత్ర ఖర్చు చిన్నది కాదు. ప్రయాగ, గయ, పూరీలలో కంపెనీ ప్రభుత్వం యాత్రికుల మీద పన్ను వసూలు చేసేది. 1840లో గానీ అది రద్దు కాలేదు. ఆయన చేరిన కాశీ ఎట్లా ఉండేదో జేమ్స్ ప్రిన్సెప్ గీసిన బొమ్మల్లో చూడవచ్చు. అక్కడి టంకశాలలో పనిచేసిన ప్రిన్సెప్ సరిగ్గా ఆ సంవత్సరాలకు కొంచెం ముందే ఊరి జనాభాను లెక్కించి, సుమారు లక్షా ఎనభై వేలని తేల్చినాడు. ఆయన కట్టించిన భూగర్భ మురుగుకాలువ ఇప్పటికీ ఆ గల్లీల కింద ఉంది. ఇరుకు గల్లీలు, నది వైపు ఎత్తుగా లేచిన ఇళ్లు, మధ్యలో ఆకాశం కనిపించే చౌకు, చౌకు చుట్టూ గదులు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క దేశపు యాత్రికుడు తన పొయ్యి వెలిగించుకోవడానికి సరిపోయే ఇళ్లు అవి.

సత్రం తలుపు ఎవరికి తెరిచింది?

అప్పట్లో సత్రాలు లేవా అంటే ఉన్నాయి, గొప్పవే ఉన్నాయి. తంజావూరు రాజు సర్ఫోజీ 1801లో బ్రిటిష్ రెసిడెంటుకు తమ సత్రాల గురించి ఒక లేఖ రాసినాడు. రామేశ్వరం దారిలోని సత్రాల్లో బ్రాహ్మణుడు మొదలు పరయ వరకు వచ్చినవారందరికీ అన్నం పెడతామని అందులో చెప్పినాడు. వండిన అన్నం తినని వారికి బియ్యం, దినుసులు విడిగా ఇస్తామని కూడా చెప్పినాడు. మనం పైన చెప్పుకున్న రెండో అర్థపు స్వయంపాకం ఇదే. రెండొందల ఏళ్ల కిందటే ఒక రాజ్యం తన లెక్కల్లో భోజనం వేరు, స్వయంపాకం వేరు అని రెండు పద్దులు పెట్టుకుంది. ఆ సర్ఫోజీ కూడా తరువాత, 1820లో, పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి పోయినాడు.

వండిన అన్నం ఎందుకు తినరు అంటే జవాబు మడి, ఆచారం, కులం. ఇది దాచిపెట్టి చరిత్ర రాయకూడదు. ఎవరు వండినారు, ఎవరు చూసినారు, ఎవరి పక్కన కూర్చున్నారు అన్నదాని మీద అన్నం తినదగినదో కాదో తేలిన కాలం అది. స్వయంపాకం పై కులాలవారికి ఆచారం కాపాడుకునే దారి. మిగిలినవారికి మర్యాద కాపాడుకునే దారి కూడా అదే. ఈ రెండోది పుస్తకాల్లో తక్కువగా ఉంటుంది. ఇళ్లల్లో చెప్పుకునే మాటల్లోనే ఉంటుంది.

మాది విజయనగర కాలం తరువాత దక్షిణానికి వచ్చి నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకుని బతికిన వ్యవసాయ కుటుంబం. కీ. రాజనారాయణన్ గోపల్ల గ్రామంలో చెప్పిన వలస మాలాంటి కుటుంబాలదే. మా ముత్తాత 1930లలో భార్యను, విధవ చెల్లెలిని తీసుకుని కాశీకి పోయినాడు. దక్షిణాది వాళ్ల కోసమే ఉన్న ఒక చోట దిగబోతే ముందు కులం అడిగినారు. వసారాలో పడుకోవచ్చు, వంటశాల వైపు రాకూడదు, వడ్డన అందరిదీ అయినాక బయట అన్నారు. తెలుగులోనే అన్నారు. ముత్తాత మారు మాట్లాడకుండా మూట తీసుకుని బయటికి వచ్చినాడట. బెంగాలీటోలా గల్లీలో ఒక ముసలి బెంగాలీ విధవరాలు మేడ మీది గది తొమ్మిది రోజులకు అద్దెకిచ్చింది. ఆమెకు తెలుగు రాదు, వీళ్లకు బెంగాలీ రాదు. గది మూలన ఒక మట్టి పొయ్యి చూపించి, చేపలు మాత్రం వండకూడదని సైగ చేసిందట.

ఆ తొమ్మిది రోజులు ముత్తవ్వ వండింది. జొన్నలు దొరకలేదు, అన్నమే వండింది. పెద్దలకు పిండం పెట్టిన రోజు ఆ ఇంటామెకు కూడా ఆకులో పెట్టి ఇచ్చింది. తిరిగి వచ్చే ముందు ఠఠేరీ బజారులో ఒక ఇత్తడి గరిటె కొనింది. మా మేనత్తకు ఈ సంగతులన్నీ ఆ ముత్తవ్వే చెప్పింది. ఆ గరిటె ఇప్పుడు మేనత్త దగ్గర ఉంది. వంటగది ఉన్న ఇల్లే కావాలని ఆమె ఎందుకు పట్టుబట్టిందో ఇప్పుడు చదివేవారికి అర్థమై ఉంటుంది.

ఇప్పుడు కాశీలోని తెలుగు ఆశ్రమాల్లో ఎంతోమందికి ప్రేమగా అన్నం పెడుతున్నారు. ఆ మేలు మరిచిపోకూడదు. ఆనాడు పడిన మాట కూడా మరిచిపోకూడదు.

రైలు వచ్చినాక

పూర్వం కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అన్నారు. నడిచి పోయినవాడు తిరిగి వస్తాడో రాడో తెలియదు. రైలు ఆ సామెతను పాతబరచింది. మొదట్లో రైలు గంగ అవతలి ఒడ్డు దాకానే వచ్చేది. 1887లో డఫరిన్ వంతెన తెరిచిన తరువాత బండి నది దాటి ఊళ్లోకే వచ్చింది. ఇప్పుడు మాలవీయ వంతెన అంటున్నది దాన్నే.

రైలుతో పాటు యాత్రికుడి వంటగది చిన్నదైంది. వీరాస్వామయ్యకు వందమంది మనుషులు, డేరాలు కావలసి వచ్చినాయి. రైలు యాత్రికుడికి ఒక ట్రంకుపెట్టె, ఒక బియ్యం మూట చాలు. కట్టెల పొయ్యి పోయి బొగ్గుల కుంపటి, కుంపటి పోయి గాలి కొట్టే కిరసనాయిలు స్టవ్వు వచ్చినాయి. ఆ స్టవ్వు ఉన్నవాడికి ఏ గది అయినా వంటగదే. మన ఇళ్లల్లో అటక మీద పడి ఉన్న ఇత్తడి స్టవ్వులు ఇలాంటి యాత్రలు ఎన్ని చూసినవో.

ఇవాళ పద్ధతి మళ్లీ మారింది. ప్యాకేజీ రైళ్లలో టికెట్టు, బస, భోజనం ఒకే ధరలో కలిసి వస్తాయి. కర్ణాటకలో 2022 నవంబరు నుంచి భారత్ గౌరవ్ కాశీ దర్శన్ రైలు నడుస్తున్నది. ఒంటరి పెద్దవాళ్లకు, వంట చేసుకోలేనివాళ్లకు అది వరమే. అయితే తొమ్మిది నిద్రలు చేయాలన్నా, తిథి నాడు మన చేత్తో వండి పెట్టాలన్నా ప్యాకేజీలో కుదరదు. తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకు తొమ్మిది రాత్రులు అని మనవాళ్ల లెక్క. ఆ లెక్కకు ఇల్లు కావాలి.

కాశీలో తెలుగు ఇళ్లు

కాశీలో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్లు, కట్టించినవాళ్లు చాలామంది ఉన్నారు. పుష్టిమార్గం స్థాపించిన వల్లభాచార్యులది తెలుగు బ్రాహ్మణ కుటుంబం. కాశీ హనుమాన్ ఘాట్ దగ్గరే ఆయన చివరి రోజులు గడిచినాయి. గంగాలహరి రాసిన జగన్నాథ పండితరాయలు తెలుగువాడు. మనం త్రైలింగస్వామి అనే యోగి విజయనగరం సీమలో పుట్టి, 1887లో పోయేదాకా కాశీలోనే ఉన్నాడు. ఆయన పేరులోనే ఆ ఊరివాళ్లు మన దేశాన్ని గుర్తుపెట్టుకున్నారు.

విజయనగరం రాజులకు కాశీలో భేలూపూర్‌లో కోట లాంటి భవనం ఉంది, కేదార్ ఘాట్ పక్కన వాళ్ల పేరుతోనే ఘాట్ ఉంది. క్రికెట్ ఆడిన విజ్జీ, అంటే మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు, 1965లో కాశీలోనే పోయినాడు. కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్, హనుమాన్ ఘాట్ చుట్టుపక్కల దక్షిణాది మాట వినిపిస్తుంది. తెలుగు, తమిళ పురోహితుల ఇళ్లు, కుమారస్వామి మఠం, శ్రీరామతారక ఆంధ్రాశ్రమం అన్నీ ఆ వైపే.

రాజులు ఘాట్లు కట్టినారు, ధర్మాత్ములు సత్రాలు కట్టినారు. మాలాంటి కుటుంబాలు కాశీలో కట్టినవి ఏమీ లేవు. తొమ్మిది రోజులు అద్దె కట్టినాము, వండినాము, కడిగి వచ్చినాము. కాశీవాసానికి పోయిన ముసలివాళ్లు ఇంకా ఎక్కువకాలం అద్దె గదుల్లో ఉన్నారు. ఊరి నుంచి కొడుకులు మనియార్డరు పంపితే గది అద్దె, బియ్యం గడిచేవి. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. అయినా ఆ గల్లీల్లో తెలుగు మాట ఇన్ని వందల ఏళ్లు ఆగకుండా వినిపించడానికి వాళ్లు కూడా కారణమే. కరివేపాకు కావాలని అడిగేవాళ్లు ఉంటేనే కదా అంగడివాడు కరివేపాకు తెచ్చేది.

ఇప్పుడు దొరికే ఇల్లు

ఆ పాత ఇళ్లల్లో కొన్ని ఇప్పుడు లేవు. విశ్వనాథుడి గుడికి, గంగకు మధ్య దారి చేయడానికి మూడొందలకు పైగా కట్టడాలు కొని తొలగించినారు. 2021 డిసెంబరు 13న ఆ కారిడారు ప్రారంభమైంది. దర్శనానికి పోయేవాళ్లకు సుఖమైంది, ముసలివాళ్లు ఇరుకులో నలగకుండా పోతున్నారు. దాంతో పాటు యాత్రికులకు గదులు అద్దెకిచ్చిన ఎన్నో తరాల ఇళ్లు కూడా పోయినాయి. మిగిలిన గల్లీల్లో పాత ఇళ్లను బాగుచేసి, స్నానాలగది, చిన్న వంటగది చేర్చి రోజుల లెక్కన ఇస్తున్నారు. అస్సీ వైపు, భేలూపూర్ వైపు కొత్త అపార్టుమెంట్లు లేచినాయి. 2023 ఏప్రిల్ 22న గంగా పుష్కరాలు మొదలైనప్పుడు తెలుగువాళ్లు ఎంతమంది వచ్చినారో, గది కోసం ఎట్లా తిరిగినారో పోయినవాళ్లకు తెలుసు.

మేము ఇల్లు వెదికేటప్పుడు అడిగిన సంగతులు ఇవి. పోయేవాళ్లకు పనికి వస్తాయి.

మొదట నది. గంగ అక్కడ దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఊరు పడమటి ఒడ్డున ఉంటుంది కాబట్టి సూర్యోదయం నీళ్ల మీద కనిపిస్తుంది. ఆ కిటికీ కోసమే అద్దె ఎక్కువ చెబుతారు. అయితే శ్రావణ భాద్రపదాల్లో వరద వస్తుంది. అక్కడ ప్రమాదస్థాయి 71.262 మీటర్లు. 1978 సెప్టెంబరులో నీళ్లు 73.901 మీటర్ల దాకా లేచినాయి. ఆ నెలల్లో ఘాట్లు మునిగిపోతాయి, పల్లపు గల్లీల్లోకి నీళ్లు వస్తాయి. అప్పుడు నది అంచు ఇల్లు, కింది అంతస్తు వద్దు. కార్తీకానికి నీళ్లు దిగి ఉంటాయి గానీ మెట్ల మీద బురద మిగిలి ఉండవచ్చు.

రెండోది మెట్లు. పాత ఇళ్లల్లో మెట్లు ఎత్తు, ఇరుకు, చీకటి. గల్లీలోకి కారు రాదు, చాలా చోట్ల రిక్షా కూడా రాదు. పెద్దవాళ్లు ఉంటే బండి ఎక్కడ ఆగుతుంది, అక్కడి నుంచి గుమ్మానికి ఎంత నడక, గుమ్మం నుంచి గదికి ఎన్ని మెట్లు, గది నుంచి ఘాట్‌కు ఎన్ని మెట్లు అని విడివిడిగా అడగాలి. ‘ఘాట్ పక్కనే’ అంటే దగ్గర అని అర్థం, సుఖం అని కాదు.

మూడోది పొయ్యి. ‘కిచెన్ ఉంది’ అంటే కొన్ని చోట్ల టీ కాచుకునే కెటిల్ మాత్రమే. ఎన్ని బర్నర్లు, సిలిండరు ఎవరిది, కుక్కరు ఎంత పెద్దది, పదకొండు మందికి చాలిన గిన్నెలు ఉన్నాయా అని ఫోటో పంపమనండి. కరెంటు పొయ్యి అయితే కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో అడగండి. చాలా ఇళ్లల్లో మాంసం వండకూడదని షరతు ఉంటుంది, కొన్ని చోట్ల ఉల్లి వెల్లుల్లి కూడా వద్దంటారు. పిండానికి అన్నం వండుకోవడానికి అభ్యంతరం లేదని ముందే చెప్పించుకోవాలి. కిటికీలకు, బాల్కనీకి ఇనుప జాలీ లేకపోతే ఆ వంట కోతులకే.

నాలుగోది కాగితాలు. మా ముత్తాతను కులం అడిగినారు, మమ్మల్ని ఆధార్ అడిగినారు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న పిల్లలు వస్తే యజమాని వాళ్ల వివరాలు ప్రభుత్వానికి తెలపాలి. ముందే చెప్పి ఉంచితే మంచిది.

సామాను సంగతి. అరహర్ అంటే కందిపప్పు, అది అక్కడ బాగుంటుంది. పర్వల్ అనే చిన్న కాయను మన దొండకాయ లాగా వేయించుకోవచ్చు. అక్కడి వంటకు ఆవనూనె వాడతారు, అది సరిపడనివాళ్లు నువ్వులనూనె తీసుకుపోవాలి. చింతపండు, సాంబారు పొడి, అప్పడాలు పెట్టెలో పెట్టుకుంటే మిగిలినదంతా దశాశ్వమేధ్ దగ్గరి కూరగాయల అంగడిలో దొరుకుతుంది.

దస్తరం ఎవరు రాస్తారు?

ఇంత చెప్పినాక అసలు ప్రశ్న మిగిలింది. ఆశ్రమంలో దిగడమా, అద్దె ఇంట్లో దిగడమా?

అద్దె ఫ్లాటులో కులం అడగరు. ఇది చిన్న మాట కాదు. మా ఇంటి కోడళ్లలో ఒకామె కన్నడం వాళ్ల పిల్ల, ఒకామె తమిళ పిల్ల. ఎవరు వండినా అది మా ఇంటి వంటే. ఇది ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా జరగాలంటే పొయ్యి మాది కావాలి. కానీ ఫ్లాటులో ఊరు కూడా అడగరు. మీ పెద్దలు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చినారు అని అడిగేవాళ్లు లేరు. పూర్వం గయలో, ప్రయాగలో పండాలు తమ దస్తరాల్లో ఊరు, వంశం, వచ్చిన సంవత్సరం రాసుకునేవారు. మనలాగా ఊరు ఒకచోట, భాష ఇంకొకచోట ఉన్నవాళ్లను ఏ దేశపు పద్దులో రాయాలో వాళ్లకు తెలియక అడిగి అడిగి రాసుకునేవారని మా పెద్దలు చెప్పేవారు. ఆ అడగడంలోనే మనం ఎవరమో మన పిల్లలకు తెలిసేది. ఫ్లాటు రసీదులో ఉండేది ఫోను నంబరు, రాత్రుల లెక్క మాత్రమే. యాప్ మారితే అదీ ఉండదు.

కాబట్టి మా ఇంట్లో చివరికి ఇట్లా నిర్ణయించుకున్నాము. కేదార్ ఘాట్ దగ్గర రెండో అంతస్తులో వంటగది ఉన్న ఇల్లు తొమ్మిది రాత్రులకు తీసుకున్నాము. తిథి నాటి వంట మేనత్త చెప్పినట్టు, ఆ ఇత్తడి గరిటెతో, ఇద్దరు కోడళ్లు చేస్తారు. ఒక పూట ఆంధ్రాశ్రమానికి పోయి అక్కడి అన్నదానానికి మా చేతనైనంత ఇచ్చి, అందరితో పాటు వరుసలో కూర్చుని తిని వస్తాము. మగవాళ్లు దీనికి ఒప్పుకున్నారు. మేనత్త కొంచెం ఆలోచించి, "అందురితో కూడా అయితే సరే" అన్నది.

ఇంకొకటి కూడా పెట్టుకున్నాము. పండా రాయని దస్తరం మనమే రాయాలి. ఏ గల్లీ, ఏ ఇల్లు, ఎన్నో అంతస్తు, ఏ తిథి నుంచి ఏ తిథి దాకా, ఎవరెవరు వచ్చినారు, ఎవరి పేరున పిండం పెట్టినాము, ఏ రోజు ఏం వండినాము, ఎవరు వండినారు. మొదటి పేజీలో ముత్తాత దిగిన బెంగాలీటోలా మేడగది గురించి తెలిసినంత రాసినాము. ఆ బెంగాలీ అవ్వ పేరు మాకు అందలేదు. "పేరు తెలియని తల్లి, పొయ్యి ఇచ్చింది" అని మేనత్తే చెప్పి రాయించింది.

హోసూరులో, షోలాపూరులో, బరంపురంలో, యానాంలో ఉన్న మన కుటుంబాలవాళ్లు కాశీకి పోయి వచ్చినవాళ్లే కదా. మీ అవ్వలు ఏ గల్లీలో దిగినారో, ఏ పొయ్యి మీద వండినారో ఇంట్లో పెద్దవాళ్లను ఇవాళే అడగండి. ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి.